సంధ్యను నీ దగ్గరికి పంపుతున్నాను

వాడి కబీర్,
శుక్రవారం.

నన్ను కన్న అవ్వకు,

కాళ్లు మొక్కడం దండగని నీతో పోట్లాడినవాణ్ని. ఈసారి మొక్కే మొదలుపెడుతున్నాను. ఈ అరబ్బు దేశంలో నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వు, అక్క, బావ బాగున్నారని తలుస్తాను. ఫోన్ చేస్తే బావ స్పీకర్ పెడతాడు, వాకిట్లో ఉన్నవాళ్లంతా వింటారు. అందుకే రాస్తున్నాను. రాత్రిబడి చదువుతో నువ్వు కూడబలుక్కుని చదవాలి కదా, అక్షరాలు పెద్దగా పెడుతున్నాను. బావతో మాత్రం చదివించకు.

ఈ ఉత్తరం తెచ్చినామె పేరు సంధ్య. నిర్మల్ దిక్కు. ఇక్కడ కామేశ్వరరావు గారని ఒక ఇంజనీరు ఇంట్లో వంట చేసేది. అంత దూరం కూర్చుని వచ్చింది, నడుం పడిపోయి ఉంటుంది. మంచం వాల్చి పడుకోమను. తర్వాత చదువు.

నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను. అన్నం వేళకే తింటున్నాను. ఎండలు ముదిరాయని మధ్యాహ్నం సైట్‌లో పని ఆపుతున్నారు. నీ మోకాళ్లకు నూనె సంధ్య సంచిలో ఉంది. రాసుకో, కానీ బీడీల చాట ముందు పొద్దంతా కూర్చుంటే ఏ నూనే పనిచేయదు. కార్ఖానా వాడు ఆకు తక్కువిచ్చి బీడీలు ఎక్కువ అడుగుతున్నాడన్నావు. నలుగురూ కూడి నిలదీయండని ఎన్నిసార్లు చెప్పాను! "ఆ కరపత్రాలు ఇంక సదువుతున్నవా కొడుకా, గవి సదివి ఎవలమీదికన్న లేస్తున్నవా?" అని అడిగావు. చదివాను. లేచాను. ఆ సంగతే చెప్పాలి.

వాణి అనే పిల్లను చూసొచ్చామని చెప్పావు. వాళ్లకు వద్దని కబురు పెట్టు. నాకు పెళ్లయింది, అవ్వా. సంధ్యతోనే.

తిట్టుకో, కానీ చదవడం ఆపకు. ఆమె కులం నేనడగలేదు. నువ్వు అడుగుతావు. అడిగేది రేపడుగు. మొన్నటి చలికాలంలో ఖురియాత్ అనే ఊళ్లో సముద్రం ఒడ్డున దండలు మార్చుకున్నాం. నా రూమ్‌లో ఉండే రఘుపతి, మా సైట్‌లో ప్లాస్టరింగ్ చేసే పాకిస్తానీ మేస్త్రీ గులాం నబీ సాక్షులు. అయ్యగారు లేడు, తాళి లేదు. మంత్రాలూ ముద్రలూ మనుషుల్ని కలపవని అరగంట ఉపన్యాసమిచ్చాను. "అయిపోయిందారా? బిర్యాని సల్లబడ్తుంది" అన్నాడు రఘుపతి. అందరం నవ్వాం.

బిడ్డ సంగతి మేమనుకోలేదు. ఇంటికొచ్చి కాపురం పెట్టాకే అనుకున్నాం. జాగ్రత్తగా ఉన్నామనే అనుకున్నాం. ఇప్పుడు నాలుగో నెల.

పోయిన ఆదివారం ఆమెకు రక్తం కనబడింది. ఆసుపత్రికి తీసుకుపోయాను. కౌంటర్‌లో అఫ్రీన్ అనే హైదరాబాదామె పెళ్లి సర్టిఫికెట్ అడిగింది. లేదన్నాను. పెళ్లి రుజువు లేని కడుపంటే ఇక్కడ జైలుదాకా పోతుంది, అవ్వా. అది తెలిసి కూడా నేను గొంతు పెంచాను. నొప్పితో ఉన్న మనిషికి కాగితమేమిటని బల్ల గుద్దాను. అందరూ మావైపే చూశారు. అఫ్రీన్ ముందుకు వంగి మెల్లగా, "భయ్యా, ఇంకోసారి అరిస్తే పోలీసులను పిలుస్తరు. నీకేం కాదు, ఆమెకైతది. తీస్కపో" అంది. నేనింకా వాదిస్తూనే ఉన్నాను. సంధ్య నా చొక్కా పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. కడుపు పట్టుకుని వంగిపోయిన మనిషి నన్ను లాక్కొచ్చింది. రోడ్డు పక్కన కూలబడి ఒక్కటే అడిగింది: "నీ పుస్తకాలల్ల దీనికేమన్న రాసున్నదా?"

టాక్సీ ఆపి ఆమెను ఎక్కించాను.

ఇంతదాకా రాయడానికి చెయ్యి రానిది ఇంకొకటుంది. కాగితం లేకపోవడం మా తలరాత కాదు. ఆ ఇంజనీరు గారి భార్య శేషుకుమారి గారు మా ముచ్చట విని పెళ్లి నమోదుకు ఎంబసీ ఫారం తెప్పించి, తానే నింపి ఇచ్చారు. దాన్ని సంధ్య ప్లాస్టిక్ కవర్‌లో భద్రంగా ఖురియాత్‌కు తెచ్చింది. ముందు సంతకాలు పెట్టు, తర్వాత దండలు అంది. గులాం నబీ కూడా "పహలే కాగజ్ బనా లో, బేటా" అన్నాడు, ముందు కాగితం చేయించుకో బిడ్డా అని. నేను వాళ్ల ముందే ఫారాన్ని నాలుగు ముక్కలు చేశాను. సంధ్య నవ్వింది. ఒప్పుకుని నవ్విందనుకున్నాను. నలుగురిలో నా మాట పోవద్దని నవ్విందట. ఆసుపత్రి నుంచి వస్తూ టాక్సీలో చెప్పింది.

ఇప్పుడు చేయిద్దామంటే ఊరి నుంచి పత్రాలు కావాలి, నోటీసు పెట్టాలి, నెలలు పడుతుంది. కడుపు అన్నాళ్లు దాగదు. శేషుకుమారి గారే పరుగెత్తి వీసా రద్దు చేయించి ఆమెను పంపిస్తున్నారు. నాతో మాత్రం, "పిల్లని క్షేమంగా దాటిస్తాను. నువ్వు మళ్లీ మా గుమ్మం తొక్కకు నాయనా" అన్నారు. ఆమె మీద కూడా లేవాలనిపించింది. ఏ మొహం పెట్టుకుని లేవను?

నాకు ఇంకా పద్నాలుగు నెలల కాంట్రాక్టుంది. నెల రోజులు పంపమని మేనేజర్ ముందు చేతులు జోడించాను. నాకు చేతులు జోడించడం రాదని నీకు తెలుసు. అయినా పంపలేదు. సంధ్య అన్న తన గడప తొక్కొద్దన్నాడు. నీ దగ్గరికి తప్ప ఆమెకు పోయే చోటు లేదు.

రక్తం ఆగింది. కానీ ఇప్పటిదాకా ఒక్క డాక్టరూ ఆమెను చూడలేదు. లోపల బిడ్డ ఉందో లేదో ఆమెకు తెలియదు, నాకు తెలియదు. ఎట్లుందని అడిగితే మొహం తిప్పుకుంటుంది. నాతో మాటలు మానేసి మూడు రోజులైంది.

రేపు పొద్దున్నే ఏరియా ఆసుపత్రికి తీసుకుపో. చీటీ రాసేచోట భర్త పేరు అడుగుతారు. ఆమె చెప్పకపోవచ్చు. నువ్వు నా పేరు రాయించు. బిడ్డ లేదని తేలినా, ఆ పేరు కొట్టేయించకు.

ఇట్లు,
ఏ మొహంతో మొక్కాలో తెలియని నీ కొడుకు
నర్సింగ్