సన్నజాజి కింద ఇంటి నంబరు

అక్కకు,

నిన్న మధ్యాహ్నం రెండూ పదికి ఓ ఇల్లు అంటుకుందని ఫోనొస్తే, మా ఫైరింజను ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరింది. వంటగది కాలింది, మనుషులు దక్కారు. నేను క్షేమమే.

ఫోనెత్తింది నేనే. "ఇల్లెక్కడమ్మా?" అంటే, వీధి పేరు మాత్రం చెప్పి, "అందరికీ తెలిసిన ఇల్లే బాబూ, కుట్టు టీచరమ్మ ఇల్లు!" అని ఆవిడ ఫోను పెట్టేసింది. ఆ వీధిలో కుట్టు నేర్పేవాళ్లు ముగ్గురు. రిపోర్టులో 'స్థలం' అన్నచోట ఆవిడ మాటే రాశాను. రాస్తుంటే మన గుమ్మం కళ్లముందు మెదిలింది. నంబరంతా నీ సన్నజాజి కప్పేసింది కదా.

తీగ కొట్టెయ్యకు, పక్కకు మళ్లించి కట్టు. పాపకు జలుబు తగ్గిందా? వీధి పేరు, ఇంటి నంబరు దానిచేత బట్టీ పట్టించు. బావకు నమస్కారాలు.

ఆదివారం పదింటి బస్సుకు పెయింటు డబ్బాతో దిగుతాను. దిగగానే పాపచేత అప్పజెప్పించుకుంటాను.

తమ్ముడు