అమ్మగారి ఫోటో, ఆఖరి బస్సు

జూలై 7, సోమవారం

ఈరోజూ బావకు బస్సు తప్పింది. ఇంకా రెండు రిపోర్టులు ప్రింటు కావాల్సి ఉండగానే నూజెండ్ల నుంచి వినుకొండకు ఆఖరి బస్సు వెళ్లిపోయిందట, అది పోతే నరసరావుపేటలో ఇంటికి ఇక దారి లేదు. "ప్రింటరు ఊ అనట్లేదే, ఏం జెయ్యను" — ఫోన్లో. మళ్లీ ఆ రక్తం తీసే సెంటర్లోనే పడక. మా పాప వాళ్ల నాన్న కోసం గుమ్మంలో కూర్చుని, కూర్చుని... చారన్నం వద్దని నా మీద విసుక్కుంది. నాకు మాత్రం విసుగు లేదా.

జూలై 8

బావ పొద్దున అక్కడ తీసిన రక్తం ఐసుబాక్సులో, బస్సు మీద మా నరసరావుపేట ల్యాబ్‌కు వస్తుంది. రిపోర్టు టైపు చేసేది నేను. సాయంత్రం బావ అక్కడి నుంచే నెట్ మీద నా కంప్యూటర్లోకి వచ్చి, అక్కడి ప్రింటర్‌కు కొడతాడు. ఊళ్లో వాళ్లకు కాగితం చేతిలో పడితేనే రిపోర్టు.

ఈరోజు బావ ప్రింటు కొడుతుంటే నా కంప్యూటర్ పక్కనే కూర్చుని చూశాను. షుగర్ రిపోర్టు నాలుగు లైన్లు. సైజు మాత్రం సినిమా పాటంత! కారణం దొరికింది — పేజీ పైన మా ల్యాబ్ డాక్టరుగారి అమ్మగారి ఫోటో. స్టూడియో వాళ్లు ఇచ్చిన రంగుల ఫోటోను కుదించకుండా పెట్టేశారెవరో. పాపం ఆవిడ ప్రతి రిపోర్టుకూ ఆ నత్తనడక నెట్‌లో నూజెండ్ల దాకా ప్రయాణం చెయ్యాలి.

జూలై 9

రంగు తీసేశాను. క్వాలిటీ తగ్గించాను. నలుపు తెలుపు. దెబ్బకు తేలికైంది.

"ఒసేవ్, నొక్కంగానే వచ్చిందే!" — ఫోన్లో బావ.

బస్సు దొరికింది. ముగ్గురం కలిసి తిన్నాం. పాప బావ ఒళ్లోనే నిద్ర. ఆ చొక్కాకు స్పిరిట్ వాసన... నాకు ఇష్టం. ఎప్పుడూ చెప్పలేదు.

జూలై 10

అయిపోయింది. నూజెండ్ల పేషెంట్ ఒకావిడ ఆ కాగితం తెచ్చి డాక్టరుగారికే చూపించింది. నన్ను పిలిచారు.

"ఏందమ్మాయ్ ఇది?"

అమ్మగారిది చామనఛాయ. నలుపు తెలుపులో నుదుటి మీద కుంకుమ ఒంటిరంగులో కలిసిపోయింది. ముఖం ఉంది, బొట్టు లేదు. సైజు చూసుకున్నాను గానీ ముఖం చూసుకోలేదు.

"మా అమ్మ ముత్తైదువగా పోయిందమ్మా..." అన్నారు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. తిట్టినా బాగుండేది. రోజూ అద్దం ముందు బొట్టు దిద్దుకునేదాన్ని, నాకు తట్టకపోవడం ఏమిటి? ఇంటికొచ్చి ఏడ్చాను.

జూలై 11

రంగుల ఫోటో తిరిగి పెట్టాను. బస్సు తప్పింది.

జూలై 12, శనివారం

పాప ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెడుతుంటే తట్టింది. పైన స్కూలు బొమ్మ ముందే అచ్చయి ఉంది. టీచరు రాసింది మార్కులే!

పరుగున ప్రెస్‌కు వెళ్లి అమ్మగారి ఫోటోతో ఒక కాగితం వేయించి, డాక్టరుగారి ముందు పెట్టాను. "ఫోటో కాగితం మీద ముందే ఉంటుంది సార్. నెట్‌లో అక్షరాలు మాత్రమే వెళ్తాయి." కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూశారు. చాలాసేపు.

"బొట్టు ఎర్రగా వచ్చింది" అన్నారు. కాగితాలన్నీ వేయించమన్నారు.

జూలై 14, సోమవారం

కాగితాల కట్ట బస్సులో పంపాను, తిరిగెళ్లే ఖాళీ ఐసుబాక్సులో పెట్టి. బావ మొదటి కాగితం ప్రింటర్లో తలకిందులుగా పెట్టాడు. "ఏమే, అమ్మగారి మొకాన షుగర్ పడిందే!" ఫోన్లో ఇద్దరం ఒకటే నవ్వు. తర్వాత అన్నీ టకటకా వచ్చేశాయి. బస్సు దొరికింది.

ఆ పాడైన కాగితం చింపబుద్ధి కాలేదట. మడిచి జేబులో పెట్టుకొచ్చాడు. ఇలాంటివి చేస్తాడు, అందుకే...

జూలై 15

వచ్చాడు.

జూలై 16

వచ్చాడు. పాపకు అలవాటైపోతోంది.

జూలై 17

డాక్టరుగారు ఎంత సంతోషంగా ఉన్నారో. "బలే పని జేశావమ్మాయ్. ఈ మాత్రం నెట్ సరిపోద్దంటే వెల్దుర్తిలో గూడా సెంటరు పెట్టొచ్చు. అక్కడ జనం చానా ఇబ్బంది పడతన్నారు. మీ బావయితేనే నాకు నమ్మకం. సోమవారం లోపు అడిగి చెప్పు."

వెల్దుర్తి. మాచర్ల అవతల. అక్కడి నుంచి రోజూ ఇంటికి రావడం ఎవరి తరం? ప్రింట్లు ఎంత త్వరగా వస్తే మాత్రం ఏం లాభం.

బావను ఇంటికి తెద్దామని చేసిన పని.

అక్కడి వాళ్లూ మనుషులే, వాళ్లకూ రిపోర్టులు కావాలి... తెలుసు. అయినా కోపం వస్తోంది. ఎవరి మీదో తెలియడం లేదు.

జూలై 18

వెలుగుండగానే వచ్చాడు. కాల్చిన మొక్కజొన్న పొత్తులు తెచ్చాడు. గింజలు వలిచి పాప చేతిలో, ఒకసారి నా చేతిలో.

"ఏందే, మాట్లాడవు?"

"ఏం లేదు."

నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. "జొరం లేదే..." చెయ్యి తీయబోతుంటే ఉండనీ అన్నాను. ఎందుకని అడగలేదు. ఉంచాడు.

వెల్దుర్తి మాట ఇంకా చెప్పలేదు. సోమవారం లోపు చెప్పాలి.