బావగారి మోచేతి కొలత

మామిడికుదురు, ఆదివారం.

తమ్ముడు వీర్రాజుకి అక్క దీవెనలు. ఫోన్లో చెబితే మీ బావగారు వింటారని కార్డు ముక్క రాస్తున్నాను. రిటైరయ్యేక ఆయన కొన్న రేసింగ్ సైకిలు నా ప్రాణం తీస్తోంది. నిన్న దిండి దాకా వంగి వంగి తొక్కొచ్చేరు. వేళ్ళు తిమ్మిరెక్కి చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోయేరు. అడిగితే "ఏం లేదు" అంటారు. పైగా వచ్చే వారం అన్నవరం వెళ్తారట!

నీ సైకిళ్ళ కొట్లో నిటారుగా కూర్చుని తొక్కేది, వెడల్పాటి సీటున్నది ఒకటి చూడు. సీటుకి మోచెయ్యి ఆనిస్తే వేళ్ళు హ్యాండిలుకి అందాలని నాన్నగారు అనేవారు కదా! ఇప్పుడే ఆయన కునుకు తీస్తుంటే ఈ కార్డు పెట్టి కొలిచేను. మోచెయ్యి నుంచి వేలి కొస దాకా మూడు కార్డుల పొడుగు, పైన నాలుగు వేళ్ళు. నా వేళ్ళు సుమా, నీవి కావు.

అమ్మ కంట్లో చుక్కలు వేళకి వేస్తున్నారా? చంటిదానికి జ్వరం తగ్గిందా?

ఇంకో సంగతి. నేను కొలుస్తుంటే ఆయన కళ్ళు తెరవకుండానే, "మోచేతి దగ్గర సరిగ్గా ఆనించు" అన్నారు. ముప్ఫయ్యేళ్ళలో ఒక్కనాడూ నా మాట వినని మనిషి! ఎంత నెప్పెడుతోందోరా.

అమ్మకి దణ్ణాలు.
అక్క, సత్యవేణి