అటువైపు గొట్టం

ఫిబ్రవరి 3

ఈ రోజూ బుడగలొచ్చాయి. ఎవరికి చెప్పుకోను? నలభై ఏడో ప్లేటుకే చెప్పాను, శభాష్ అని.

ఫిబ్రవరి 5

ఇక్కడైనా రాసుకోకపోతే పిచ్చెక్కేలా ఉంది. పన్నెండేళ్ళుగా నా పని ఒక్కటే. గాజు ప్లేటు మీద సెమీకండక్టర్ పూత వేయడం, నీళ్ళలో ముంచడం, ఎండలో పెట్టడం. పూత మీద పడిన ఎండ నీటిని విడగొట్టాలి. నావైపు గొట్టంలోకి హైడ్రోజన్ రావాలి, అటువైపు గొట్టంలోకి సరిగ్గా దానికి సగం ఆక్సిజన్ రావాలి. చెప్పడానికి ఎంత తేలికో! నలభై ఆరు ప్లేట్లు నన్ను ఏడిపించాయి. ఈ పసుపుపచ్చ పూత మాత్రం, మధ్యాహ్నం ఎండలో ఆ ఒక్క గంటా, పదిహేను రోజులుగా నా పరువు నిలబెడుతోంది.

అటువైపు బాబాయ్ కూర్చునేవారు. టెక్నీషియన్. చుట్టరికం ఏమీ లేదు, పిలుపు అలా అలవాటైపోయింది. గ్యాస్ ఎంత చేరిందో చూపే గీతలు ఒక గొట్టానికి ఇటు తిరిగి ఉంటాయి, రెండోదానికి అటు. ఇద్దరూ ఒకే నిమిషానికి చూడాలి. నేను పద్దెనిమిది అని అరిస్తే ఆయన అటునుంచి తొమ్మిది అనాలి. ల్యాబంతా ఆయన్ని సగం బాబాయ్ అని ఆటపట్టించేది. ఆగస్టులో రిటైరై కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆయన పోస్టులో ఎవరినీ వేయలేదు. కిటికీ పక్కన ఆయన స్టూల్ అలాగే ఉంది. దాని మీద నా బ్యాగు కూడా పెట్టను, ఎందుకో మరి.

ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 12:40

ఇరవై రెండు!

ఫిబ్రవరి 10

డైరెక్టర్ గారికి చెప్పాను. కుర్చీలోంచి లేచారు! ఇరవయ్యో తేదీన గ్రాంటు కమిటీ వస్తోందట. ఇది చూపిస్తే ఇంకో మూడేళ్ళు ఢోకా లేదన్నారు. లేకపోతే నా బెంచి బ్యాటరీల మీద పనిచేసేవాళ్ళకి ఇచ్చేయాల్సి వచ్చేదని ఇప్పుడు చెప్పారు. క్యాంటీన్‌లో ఆ బ్యాటరీ వాళ్ళని చూసి నవ్వాను. అలవాటు తప్పినట్టుంది, పన్ను నొప్పా అని అడిగారు.

ఇంటికొచ్చి తాళం తీసి, లైటు వేసి, వచ్చేశానన్నాను. గోడలతో.

ఫిబ్రవరి 12

బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఆరు నెలల్లో ఇదే మొదటిసారి, సిగ్గు లేదు నాకు. మనవరాలికి లెక్కలు చెబుతున్నారట. హలో కూడా అనకుండా ఇరవై రెండు అన్నాను. అటు ఎంతొచ్చిందమ్మా అన్నారు. పదకొండు అన్నాను. మెల్లిగా, చూసి చెబుతున్నావా, సగం చేసి చెబుతున్నావా అని అడిగారు.

మళ్ళీ చేస్తానని పెట్టేశాను.

ఫిబ్రవరి 13, పొద్దున 7:15

సెక్యూరిటీ ఆయన తాళాలు తెచ్చేసరికే గుమ్మంలో నిలబడి ఉన్నాను. లాగ్‌బుక్ ముందేసుకున్నాను. ఆగస్టు నుంచి కుడివైపు కాలమ్ కూడా నా చేతిరాతే. రెండు, ఒకటి. పద్దెనిమిది, తొమ్మిది. ఇరవై రెండు, పదకొండు. ఒక్కసారైనా అటు వెళ్ళి చూడలేదు. మోసం చేద్దామని కాదు. నేను అరిచేదాన్ని, ఆయన గొంతు వినబడినట్టే ఉండేది, రాసేసేదాన్ని. చదివేవాళ్ళకి ఇదంతా ఏం తెలుస్తుంది?

అదే రోజు, 1:10

ఇరవై ఒకటి. లేచి బెంచి చుట్టూ తిరిగి అటు వెళ్ళాను. గొట్టంలో నీళ్ళు పైదాకా ఉన్నాయి. సున్నా. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. సున్నా.

ప్లేటు అంచులు పాలిపోయాయి. ఎండకి అలా కనబడుతున్నాయనుకునేదాన్ని. నీటిని విడగొట్టాల్సిన పూత ఇన్నాళ్ళూ తనే కరిగిపోతూ నాకు బుడగలిచ్చింది. బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను. ప్లేటు కోసం కాదు. ఆరు నెలలుగా ఒక్కదాన్నే మాట్లాడుకుంటూ ఇద్దరున్నట్టు రాసుకున్నందుకు.

ఫిబ్రవరి 14

చెప్పలేదు.

ఫిబ్రవరి 16

చెప్పలేదు. కమిటీ కోసం బ్యానర్ కూడా వచ్చేసింది.

ఫిబ్రవరి 17

చెప్పేశాను. డైరెక్టర్ గారు తలుపు వేసి, ఇంకెవరికి తెలుసని అడిగారు. బాబాయ్‌కి అనుమానం ఉందన్నాను. కమిటీ వెళ్ళాక చెప్తే కొంపలేం మునగవు కదమ్మా అన్నారు. ఆ మాట నాకూ నచ్చింది. నచ్చుతుందని తెలిసే, పొద్దున్నే కుడివైపు కాలమ్ అంతా అడ్డంగా కొట్టేసి, చూడకుండా రాసినవి అని సంతకం పెట్టి మరీ వెళ్ళాను. ఆయన పేజీలన్నీ తిప్పి చూశారు. వెళ్ళమ్మా అన్నారు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 21

బెంచి బ్యాటరీ వాళ్ళదైపోయింది. కిటికీ దగ్గర ఒక చిన్న బల్ల నాకు వదిలారు, మార్చి నెలాఖరు వరకు. స్టూల్ మాత్రం ఇవ్వనన్నాను.

సాయంత్రం బాబాయే ఫోన్ చేశారు. ఏమైందని అడగలేదు. చేసిన లెక్క మళ్ళీ సరిచూసుకోమంటే మనవరాలు ఏడుస్తోందని చెప్పారు. నవ్వొచ్చింది. ఈసారి పన్ను నొప్పి కాదు.

మార్చి 8

నలభై ఎనిమిదోది. అదే పసుపు, కరిగిపోకుండా పైన పల్చగా ఇంకో పూత. ఏమీ రాలేదు, ఇటూ లేదు, అటూ లేదు.

మార్చి 23, 12:50

ఆరు అన్నాను.

లేచి, బల్ల చుట్టూ తిరిగి, ఆయన స్టూల్ మీద కూర్చున్నాను.

ఒకటిన్నర అని నాకు జవాబు చెప్పాను.