తడి ఆరకముందే

ప్రియమైన తమ్ముడూ,

దేవుడి దయవల్ల రోజులు గడుస్తున్నాయి. మీ నడిపక్క దగ్గు తగ్గలేదు. ఇక మందులు మార్చి లాభం లేదన్నాడు డాక్టరు. అర్థం చేసుకో.

ముప్పై ఏళ్ల ఇస్త్రీ పనిలో చేయి కాలినప్పుడల్లా తను నూరి రాసుకున్న ఆకు పంపుతున్నాను. మేం ఆసుపత్రిలో ఉన్న నెల్లాళ్లూ నీళ్లు పోసేవాళ్లు లేక కుండీలో మొక్క చచ్చిపోయింది. అంతకుముందు నడిపక్క నీడలో ఆరబెట్టుకున్న ఆకే ఇది. "మంట లాగేసేది ఇందులో ఏముందో కనుక్కోమను, నేనుండగానే" అంటోంది.

నడిపక్కకు సేవ చేయడానికి ల్యాబ్‌లో నా బల్ల నీకు వదిలి వచ్చాను. నా మాట కూడా ఉంచుకో. పొడిని మెథనాల్‌లో మూడు రోజులు నాననివ్వు. వడగట్టి, చిక్కబరిచి, సిలికా పొడిలో కలుపు. గరిటెకు అంటకుండా పొడి ఇసుకలా రాలాలి. అప్పుడే కాలమ్ గాజు గొట్టంలో పోయాలి. తొందరపడకు.

ఆశీస్సులతో,
పెద్దక్క

ప్రియమైన పెద్దక్కా,

తడి ఆరకముందే పోసేశాను. ఒక్క పూట ఆగలేకపోయాను. "నేనుండగానే" అన్న మాటే చెవిలో మోగుతోంది మరి.

గాజు గొట్టంలో పసుపూ పచ్చా వేరువేరు పట్టీలుగా దిగాల్సింది. అన్నీ కలగలిసి బుడుంగున జారిపోయాయి. కంగారులో ఫ్లాస్కు కూడా చేజారి పగిలింది. నువ్వు పంపిన ఆకు సారమంతా అందులోనే ఉంది. నడిపక్కకు ఏం చెబుతావు? తిట్టు, పడతాను.

నీ తమ్ముడు

ప్రియమైన తమ్ముడూ,

అంత్యక్రియలకు వచ్చినప్పుడు నీ మొహం చూసి ఈ మాట చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

నీ ఉత్తరం నడిపక్కకు చదివి వినిపించాను. ఉన్నది ఉన్నట్టు కాదు. పసుపు పట్టీ విడిగా దిగిందని చదివాను. ఆ అబద్ధానికి ప్రార్థనలో దేవుణ్ణి క్షమించమని అడిగాను.

అది దగ్గుతూనే నవ్వింది. "అక్కా, అబద్ధం ఇస్త్రీ చెయ్యడం నీకు రాదే, మడతలన్నీ కనబడుతున్నాయి. వాడు ఆరకముందే పోసుంటాడు. చిన్నప్పుడు చొక్కా ఎప్పుడన్నా ఆరనిచ్చాడా? తడిదే తొడుక్కుని బడికి పరుగెత్తేవాడు."

దిండు కిందనుంచి ఒక ఎండుటాకు పొట్లం తీసింది. "మొదటిసారి పాడుచేస్తాడని తెలుసు. ఇది రెండోసారికి. తిట్టకుండా ఇవ్వు."

మూడో రోజున వెళ్లిపోయింది.

పొట్లం ఈ ఉత్తరంతోనే పెట్టాను. గుప్పెడే ఉంది, సన్నటి గొట్టం వాడు. ఇప్పుడు తొందరపెట్టేవాళ్లు ఎవరూ లేరు. పూర్తిగా ఆరనివ్వు, నాన్నా.

నీ కోసం ప్రార్థిస్తూ,
పెద్దక్క