జమ్ముగడ్డిలో వెర్లిన్

సెప్టెంబర్ 24

పొద్దున్నే డ్రోన్ ఎగరేశాను. తూర్పు మడుగు మీద బాతులు నల్లగా పరుచుకుని ఉన్నాయి. దూరంగా, ఎత్తులో తిప్పాను. ఒక్కటీ బెదరలేదు. వేట సీజన్ మొదలవకముందు ఇలా చూసుకోవడం మా దగ్గర తప్పు కాదు. మొదలయ్యాక వేట కోసం డ్రోన్ లేపితే, వేటగాళ్ళని తిప్పే మా గైడ్ లైసెన్స్ పోతుంది. పోయినేడు పక్క ఊరివాడిది అలాగే పోయింది. వేట చట్టాలు చూసే వార్డెన్ హాగెన్ నిన్న గుమ్మంలో నిలబడి మరీ చెప్పి వెళ్ళాడు. మా ఆయన వెర్లిన్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

సెప్టెంబర్ 27

రేపటి నుంచి వేట. డ్రోన్ పెట్టెకు తాళం వేశాను. లాగి చూశాను. మళ్ళీ చూశాను.

సెప్టెంబర్ 28, ఉదయం

బాతుల్ని రప్పించే బొమ్మ బాతులు, డెకాయ్‌లు పెట్టడానికి తెల్లారకముందే మడుగులోకి వెళ్ళిన వెర్లిన్ ఇంకా రాలేదు.

అదే రోజు, ఆసుపత్రి

బతికే ఉన్నాడు.

పొగమంచు విడిపోయినా మనిషి జాడ లేదు. ఫోన్ ఎత్తడు. గట్టున నిలబడి గొంతు పోయేలా పిలిచాను. జమ్ముగడ్డి మనిషికంటే ఎత్తు, నీళ్ళు ఐసు. మా దగ్గరికి వేటకొచ్చిన ఇద్దరూ చెరోవైపు వెతకబోయారు. షెరిఫ్ మనుషులు బయల్దేరారట, కానీ చాలా దూరం. డ్రోన్ పెట్టె తెరిచాను. హాగెన్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ. చివరికి ఎత్తాడు.

"బాతుల్ని చూస్తావా, మనిషిని వెతుకుతావా?"

మనిషినే అన్నాను.

"మరి నన్నెందుకు అడుగుతున్నావు తల్లీ? లేపు."

లేపాను. ఆ చప్పుడుకి మడుగంతా ఒక్కసారి రెక్కలై లేచింది. స్క్రీన్ నిండా బాతులే. అవి పోయాక, జమ్ము మధ్య ఒక టోపీ. ఛాతీ దాకా బురదలో కూరుకుపోయి, తల పక్కకి వాల్చి ఉన్నాడు. కదలడం లేదు. నేను అటు, ఇటు అని అరుస్తుంటే ఆ ఇద్దరూ పడవ తోసుకెళ్ళి లాగారు. హాగెన్ దుప్పట్లతో వచ్చాడు. డ్రోన్ లేపింది వేట కోసం కాదని తనే రాసిస్తానన్నాడు. ఆ మాటకి నాకు ఊపిరి వచ్చింది. అందుకు సిగ్గేసింది.

అక్టోబర్ 2

చలికి చచ్చుబడిన కాలివేళ్ళు తీసేశారు.

అక్టోబర్ 9

ఇల్లు చేరాం. సూప్ తాగుతూ వెర్లిన్ మామూలుగానే అడిగాడు. "గట్టు మీద నీ పిలుపు వినబడింది. తర్వాత ఆగిపోయింది. డ్రోన్ చప్పుడు వచ్చేదాకా నేను రాని గొంతుతో పిలుస్తూనే ఉన్నా. అప్పుడేం చేస్తున్నావు?"

ఫోన్‌లో ఉన్నానన్నాను. డ్రోన్ లేపొచ్చా అని హాగెన్‌ని అడగడానికని కూడా చెప్పాను.

సరేలే అన్నాడు.

అక్టోబర్ 12

బాత్‌రూమ్‌కి వెళ్ళాలన్నా నన్ను పిలవడం లేదు. గోడ పట్టుకుని వెళ్తున్నాడు.