మూడు ముప్పైమూళ్ళు పోగా మిగిలిన సెంటు

చోడవరం తాలూకా వడ్డాదిలో మకాం వేసియున్న శ్రీయుత సర్వే ఆఫీసరు గారి సముఖమునకు,
వడ్డాది కాపురస్థుడు, పద్నాలుగేళ్ళు ఎలిమెంటరీ బడిలో లెక్కలు చెప్పి మానుకొని ప్రస్తుతం చెరకు సాగు చేయుచున్న సత్యారావు సమర్పించుకొను అర్జీ.
తేదీ: 22-4-1957

అయ్యా,

విషయం: ఎకరా భూమిని మూడుతో భాగించగా తమ ఆఫీసులో పుట్టిన ఒక సెంటును రద్దు చేయించుట గురించి, ఆ సెంటులో చిక్కుకొన్న మా నూతిని విడిపించుట గురించి.

1. మా తల్లి అచ్చియ్యమ్మ, తన పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరా చెరకు భూమిని నాకూ, నా తమ్ముడు పరదేశికీ, నా చెల్లెలు నూకరత్నానికీ సమభాగాలుగా రాసి ఇచ్చింది. నుయ్యి నూకరత్నం వంతులో ఉన్నది. నీళ్ళ హక్కు మాత్రం ముగ్గురిదీ అని దస్తావేజులోనే కలదు. దస్తావేజుకు ముందే మా అమ్మ పొలం పొడవునా తాడు పరిచి, ఆ తాడును మూడు మడతలు పెట్టి, మడత దగ్గర ముడి వేసి, ముడి దగ్గర మేకు పాతింది. ఆమెకు అంకెలు రావు. పనికి పట్టిన వ్యవధి, ఆమె ఒక అడ్డచుట్ట కాల్చినంత సేపు.

2. అదే పనికి తమ ఆఫీసుకు ఐదు నెలలు పట్టింది, ఇంకా పట్టుతున్నది. మొదట వచ్చిన మెమోలో “మొత్తము సరిపోలేదు” అని ఉన్నది. ఎందుకు సరిపోలేదో కనుక్కుందామని ఆఫీసుకు వెళ్ళాను. లెక్కల గుమాస్తా కామేశం గారు కొత్తగా దిగిన లెక్కల మిషనుకు పిడి తిప్పి, నా ముందే ఒకటిని మూడుతో భాగించి చూపించారు. ఎన్ని గళ్ళున్నాయో అన్ని గళ్ళలోనూ మూడే వచ్చింది. గోడకు అంటించిన రూల్సు కాగితం ప్రకారం ఆయన రెండు మూడులు ఉంచి, తక్కినవి ఎర్ర సిరాతో కొట్టేశారు. తలా ముప్పైమూడు సెంట్లు. మూడు ముప్పైమూళ్ళు తొంభైతొమ్మిది. దస్తావేజులో నూరు సెంట్లు.

“కొట్టేసినవి ఎక్కడికి పోయాయండీ?” అన్నాను.

“కొట్టేస్తే లేనట్టే మాస్టారూ. అది రూలు.”

“లేనివాటిని కొట్టేస్తే మొత్తం ఎందుకు తగ్గిందండీ?”

“మీరు పాతకాలం లెక్కల వాళ్ళు. ఇది సీమ మిషను, తప్పు చెయ్యదు,” అని ఆయన దాని మీద గుడ్డ కప్పేశారు.

మిషను తప్పు చేయలేదని నేనూ ఒప్పుకుంటున్నాను. అది చోటున్నంత మేరా మూడులు వేసి, చోటు చాలక ఆగింది. ఇంకో వంద గళ్ళు ఇచ్చినా వేస్తూనే ఉంటుంది. మూడో వంతు అనేది ఆ గళ్ళలో పూర్తిగా ఇమిడేది కాదు. ఈ సంగతి నా క్లాసులో ముక్కు తుడుచుకోవడం రాని వెధవలకు కూడా తెలుసు. బెంచీ ఎక్కించాక మరీ బాగా తెలిసేది. తమ ఆఫీసులో అందరికీ కుర్చీలే ఉండడం వల్ల ఆ అవకాశం లేకపోయింది.

3. తేడా ఒక్క సెంటే గదా, అది ఆడపిల్లకు కలిపి ముప్పైనాలుగు వేయండి అని నేనూ పరదేశీ ఒప్పుకోలు పత్రం రాసి ఇచ్చాము. రెండో మెమో వచ్చింది: “భాగములు సమానముగా లేవు.” అనగా సమానంగా ఉంటే మొత్తం సరిపోదు, మొత్తం సరిపోతే సమానంగా ఉండవు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. తమరు ఆ నుయ్యి కూడా మిగల్చలేదు, ఆ సంగతి కింద మనవి చేస్తాను.

4. పోనీ, మిషను మీదే చేయాలంటే ముందు హెచ్చించి ఆ తరవాత భాగించండి, ఒకటిని మూడుతో హెచ్చించి మూడుతో భాగిస్తే చచ్చినట్టు ఒకటే వస్తుంది, అని కూడా చెప్పాను. కామేశం గారు రూల్సు కాగితం చూసి, భాగహారం నాలుగో మెట్టు, హెచ్చవేత ఐదో మెట్టు, మెట్లు తారుమారు చేయాలంటే దొరగారి సంతకం కావాలన్నారు. తమరేమో క్యాంపులో లేరు, మాడుగుల దయచేశారట. ఏ రాచకార్యమో నేను అడగలేదు. మర్నాడు తమ బల్ల మీద హల్వా పొట్లం చూశాను.

5. మూడో మెమోతో కొంప మునిగింది. “మిగులు సెంటు ఏ భాగస్థునికీ చెందనందున ప్రభుత్వ పోరంబోకుగా నిర్ణయించడమైనది.” నిర్ణయించారు సరే, కాగితం మీద పుట్టిన సెంటును పొలంలో ఎక్కడ పెట్టాలి? కామేశం గారి తర్కం ఇది: నుయ్యి ముగ్గురిదీ అంటే విడిగా ఏ ఒక్కరిదీ కాదు, మిగులు సెంటూ ఏ ఒక్కరిదీ కాదు, కనుక రెండూ ఒకచోటనే ఉండవలెను. ఆ ప్రకారం మా నూతి చుట్టూ ఒక సెంటు కొలిచి నాలుగు రాళ్ళు పాతారు. ఏతాం కొయ్యకు పురికొస చుట్టి లక్క ముద్ర వేశారు. నీళ్ళు తోడాలంటే ప్రభుత్వ అనుమతి కావాలట. అనుమతికి దరఖాస్తు పెడితే, భాగాల లెక్క తేలాక చూస్తామన్నారు.

మా అమ్మ ఆ రాళ్ళ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

“ఏటి బాబూ ఇది? నా తాడు గాని పొట్టిదయిపోనాదేటి?”

“నీ తాడు సరిగ్గానే ఉందమ్మా. ఆళ్ళ కాయితమే పొట్టిది.”

“కాయితం పొట్టిదయితే ఇంకో కాయితం ఎయ్యమను. నుయ్యెందుకు మూసేరు?”

నూకరత్నం నా వైపు తిరిగింది. “ఓలమ్మో, ఇదేటన్నియ్యా! నా సేలో నుయ్యి, నా పెనిమిటి దిగి పూడిక తీసిన నుయ్యి, నాది కాదంటాడా? ఆ గుమస్తా బాబు వచ్చి ఏతాం తొక్కుతాడా సెప్పు!”

పద్నాలుగేళ్ళు లెక్కలు చెప్పినవాడిని, ఇద్దరి ముందూ తల దించుకున్నాను. ఈ అవమానం తమ ఖాతాలోనే రాసుకోవలెను.

6. ముద్ర వేసి నేటికి పంతొమ్మిది రోజులు. చైత్రమాసపు ఎండ. చెరకు మూడు నెలల మొక్క, ఆకులు సూదుల్లా చుట్టుకుపోతున్నాయి. పరదేశి వంతులో గట్టు వైపు వరసలు అప్పుడే ఎండిపోయాయి. వాడు ఎండినవి పెరికి గేదె ముందు వేస్తున్నాడు. వాడి ముఖం చూడలేక నేను రెండు రోజులుగా ఆ పక్కకు పోవడం మానేశాను. ఇంకో వారం తడి పెట్టకపోతే ఎకరమూ పోతుంది. మా ముగ్గురికీ ఇది తప్ప వేరే భూమి లేదు. మిషనుకు చెరకంటే ఏమిటో తెలియదు, దాన్ని నేను ఏమీ అనను. తమరు మాత్రం రోజూ ఆ గట్టు మీదుగానే ఆఫీసుకు వెళ్తున్నారు.

7. బుచ్చయ్యపేటలో దాసు గారి సంతానం ఆరుగురు. తమ రూలు ప్రకారం ఎకరాను ఆరుతో భాగిస్తే తలా పదహారు సెంట్లు, నాలుగు సెంట్లు గాలికి. పిల్లలు పుట్టేకొద్దీ ప్రభుత్వానికి భూమి కలిసొచ్చే ఈ ఏర్పాటు ఎవరి బుర్రలో మొలిచిందో గాని, ఆ బుర్రను కూడా ఎవరైనా భాగించి, మిగతాది కొట్టేసి ఉంటారు.

కాబట్టి తమరు చేయవలసినది చెబుతున్నాను. తమరికి అర్థం కావలెనని బోర్డు మీద రాసినట్టు నెమ్మదిగా రాస్తున్నాను. మూడో వంతును మూడో వంతు అనే రాయండి: పైన ఒకటి, నడుమ గీత, కింద మూడు. సెంట్లలోనే రాసి తీరాలంటే, కొట్టేసిన దాన్ని పారేయక పక్కన రాసి ఉంచి ఆఖరున కలపండి. అదీ చేతకాకపోతే, వాటాదారులు ఎంతమందో అంతకు తక్కువ సెంట్ల తేడా వచ్చినప్పుడు, అది రాతలో తేడాయే గాని నేలలో తేడా కాదని ఒప్పుకొని, మొత్తం సరిపోయిందని సంతకం పెట్టండి. ఇవన్నీ తీరిక మీద చేసుకోవచ్చును. ముద్ర మాత్రం ఈ రోజే తీయించండి. బాబ్బాబు, పైన ఎన్ని మాటలు అన్నా ఈ ఒక్కటి మాత్రం బతిమాలుకుంటున్నాను.

ఇందలి సంగతులు తమరు స్వయంగా చిత్తగించవలెను. చిత్తగించుటకు మిషను వాడవద్దని ప్రార్థన.

తమ విధేయుడు (అలా రాయడం వాడుక గనుక),
సత్యారావు

తా.క. ఇది మడత పెడుతూ ఉండగా నూకరత్నం వచ్చింది.

“రాసీసేవా అన్నియ్యా?”

“రాసేను.”

“జవాబు ఎన్నాళ్ళకొస్తాది?”

నేను వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టసాగాను. తను ఇంకేమీ అడగకుండా తిన్నగా నూతి దగ్గరకు పోయి, పురికొసను పళ్ళతో కొరికి తెంపింది. పరదేశి ఏతాం ఎక్కాడు. నేను బోదెల్లోకి నీళ్ళు మళ్ళించాను. ముందు పరదేశి వంతుకే పెట్టాము.

ప్రభుత్వ నూతిలో అనుమతి లేకుండా నీళ్ళు తోడిన నేరం ఒప్పుకుంటున్నాము. ముగ్గురమూ సమంగా చేశాము. కేసు రాసేటప్పుడు దయచేసి తమ మిషను మీదే, తమ రూలు ప్రకారమే పంచండి. తలా ముప్పైమూడు పాళ్ళ నేరం మాది, శిక్షకు సిద్ధంగా ఉన్నాము. మిగిలిన ఆ ఒక్క పాలు తమ మూడో మెమో ప్రకారం ప్రభుత్వానిది. దానికి జైలుకు ఎవరు వెళ్తారో తమరూ కామేశం గారూ తేల్చుకొని కబురు పెట్టండి. మేము పొలంలోనే ఉంటాము, ఎకరం తడవడానికి ఇంకా రెండు పూటలు పడుతుంది.